మాస్టారూ, రాత్రి కాపలా మీది కాదు

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. టెక్కలి దగ్గర హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. నరసన్నపేట నుంచి రోజూ బండి మీద వెళ్లొస్తాను. నిద్ర పట్టకపోవడమన్నది నాకు ఎప్పుడూ లేదు, తల దిండుకి ఆనితే చాలు. గురక పెడతానని ఇంట్లో అంటారు. "గురక కాదండీ, మధ్యలో ఊపిరి ఆగిపోతాది మీకు, లెక్కెట్టుకుంటాను నేను" అని నా భార్య పట్టుబట్టి విశాఖ తీసుకెళ్లి పరీక్ష చేయించింది. స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు అన్నారు. ఏహెచ్ఐ, అంటే గంటకి ఊపిరి ఆగే లెక్క, 34 అట. రక్తంలో ఆక్సిజన్ 78 శాతం దాకా పడిందట. మాస్కు లోంచి గాలి తోసే సీప్యాప్ మెషీన్ కొన్నాం, రెండు నెలలైంది. నాకే తెలియని జబ్బుకి ఇంత హడావిడి ఏమిటని ఒక పక్క. మాస్కు పెట్టుకున్నప్పటినుంచి నా ఊపిరి నాకే వినబడి, ఎక్కడ ఆగుతుందోనని వింటూ నిద్ర పట్టకపోవడం ఇంకో పక్క. పొద్దున్న లేస్తూనే ఫోన్లో మెషీన్ యాప్ చూస్తాను. ఏహెచ్ఐ 2 ఉంటే హుషారు, 6 ఉంటే ఆ రోజంతా నీరసం. మా అమ్మ "నా కొడుక్కి ఆక్సిజన్ ఎట్టీసినారు" అని ఏడుస్తోంది. శంఖం ఊదితే ఇది పోతుందని ఒకాయన చెప్పారు, నిజమేనా? సంక్రాంతికి ఇచ్ఛాపురం అత్తారింటికి వెళ్లాలి. ఈ తొండం పట్టుకుని వెళ్లాలా?
- ఒక ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు:

మాస్టారూ, ముందు మీ ఆవిడకి నా నమస్కారం చెప్పండి. పక్కవాళ్ల ఊపిరి లెక్కపెడుతూ ఏళ్ల తరబడి మేలుకున్న మనిషి ఆవిడ. మీ ఉత్తరంలో ఆవిడ నిద్ర గురించి ఒక్క ముక్క లేదు.

నేను డాక్టర్ని కాను. తొమ్మిదేళ్లుగా ఇదే మెషీన్ తగిలించుకుని పడుకుంటున్నదాన్ని. మెషీన్‌లో గాలి ప్రెషర్ ఎంత పెట్టాలి, ఏ మందు వేసుకోవాలి అన్నవి మీ డాక్టరుగారి సంగతులు. మిగిలినవి మనం మాట్లాడుకుందాం.

"తల దిండుకి ఆనితే చాలు" అని రాశారు. నేనూ ఇలాగే గొప్పలు చెప్పుకునేదాన్ని. పడుకున్న రెండు నిమిషాల్లో నిద్రలోకి జారిపోవడం మంచి నిద్రకి గుర్తు అనుకుంటాం గాని, చాలాసార్లు అది రెండు పూటలు పస్తున్నవాడు విస్తరి ముందు కూర్చోవడం లాంటిది. లోపల అంత బాకీ ఉంటే గాని అంత తొందరగా పట్టదు.

మీ 34ని విప్పి చూద్దాం, లెక్కలు మీకు అలవాటే గదా. గంటకి 34 సార్లు మీ ఊపిరి ఆగడమో, బాగా సన్నగిల్లడమో జరిగింది. లెక్కలోకి రావాలంటే ఒక్కోటి కనీసం 10 సెకన్లు ఉండాలి. అంటే రెండు నిమిషాలు నిండకుండానే ఒకటి. ఆరున్నర గంటల నిద్రకి 221. గంటకి 5 లోపు ఉంటే మామూలు, 30 దాటితే తీవ్రం అంటారు. ఆ 221లో చాలావాటి చివర మెదడు ఉలిక్కిపడి, గొంతు కండరాల్ని బిగించి, ఒక్క పెద్ద ఊపిరి లాగించి, మిమ్మల్ని మళ్లీ పడుకోబెట్టింది. ఆ మెలకువ కొన్ని సెకన్లే. అంత చిన్నది జ్ఞాపకంలోకి ఎక్కదు. అందుకే రాత్రంతా లేచి లేచి పడుకున్న మనిషి పొద్దున్నే "శుభ్రంగా నిద్రపోయాను" అని ఒట్టేసి చెప్పగలడు. అబద్ధం కాదు, అతని దగ్గర సాక్ష్యం లేదు, అంతే. సాక్ష్యం పక్కన పడుకుని ఉంది.

నా సంగతి చెబుతాను. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మా చుట్టాలకి మేడ ఉంది, సిరిమానోత్సవం ఏటా అక్కణ్నుంచే చూస్తాం. పైడితల్లి గుడికీ కోటకీ మధ్య సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. ఆ ఏడాదీ డప్పులు, ఈలలు, కింద ఇసకేస్తే రాలని జనం. పిట్టగోడకి ఆనుకుని కూర్చుని మొదటి తిరుగుడు చూశాను, దణ్ణం పెట్టుకున్నాను. మళ్లీ కళ్లు తెరిచేసరికి కింద జనం పోయిన చెప్పులు వెతుక్కుంటున్నారు. "వదినకి అమ్మవారు పూనిందేమో అనుకున్నాం, గురకని బట్టి కాదని తెలిసింది" అని మా ఆడపడుచు నవ్వింది. నేనూ నవ్వేశాను, ఇంటి పని అలసట అనుకున్నాను. అప్పటికి రెండేళ్లుగా ఓ పెద్దాసుపత్రిలో చూపించుకుంటుంటే "ఈ వయసు ఆడవాళ్లకి మామూలే, టెన్షన్ తగ్గించుకోండి" అని నిద్రమాత్ర రాసి పంపేవారు. అలాంటి మాత్రల్లో కొన్ని గొంతు కండరాల్ని ఇంకాస్త సడలిస్తాయని ఆ తర్వాతెప్పుడో తెలిసింది. ముట్లు ఆగాక ఆడవాళ్లలో ఈ జబ్బు పెరుగుతుంది. చాలామంది గురక అని రారు, నీరసమనీ, నిద్ర పట్టడం లేదనీ, తలనొప్పనీ వస్తారు. పేరేదో పెట్టి పంపించేస్తారు.

డప్పుల మధ్య నిద్రపోయినా నాకేమీ లేదనే అనుకున్నాను చూడండి, అదెలా అంటే: 2003లో అమెరికాలో ఒక అధ్యయనం అచ్చయింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లని రెండు వారాల పాటు రోజుకి ఆరు గంటలో, నాలుగు గంటలో మాత్రమే పడుకోనిచ్చారు. పరీక్షల్లో వాళ్ల చురుకుదనం రోజురోజుకీ పడిపోతూనే ఉంది. "మత్తుగా ఉందా" అని అడిగితే మాత్రం, మొదటి కొన్ని రోజుల తర్వాత పెద్ద తేడా లేదనే చెప్పారు. మత్తు అలవాటైపోయింది, తప్పులు పెరుగుతూ పోయాయి. మీకు రెండు వారాలు కాదు, ఎన్నేళ్లైందో.

కాబట్టి "నాకేమీ తెలియడం లేదు" అన్నది జబ్బు లేదనడానికి రుజువు కాదు. ఒళ్లు చెబుతూనే ఉంటుంది, మనం దానికి వేరే పేర్లు పెట్టుకుంటాం. రాత్రి రెండు మూడుసార్లు ఒంటేలుకి లేచేవారా? షుగరేమో, వయసేమో అనుకుని ఉంటారు. మూసుకుపోయిన గొంతులోంచి ఛాతీ బలంగా గాలి లాగబోయినప్పుడు గుండె గదులు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందని గుండె పొరబడి మూత్రం పెంచే హార్మోన్ వదులుతుంది. మెషీన్ పెట్టిన వారంలో నాకు మొట్టమొదట తెలిసిన తేడా అదే, తెల్లారేదాకా బాత్రూం లైటు వెలగలేదు. లేవగానే తలనొప్పి, అదీ కాసేపట్లో దానంతటదే పోవడం. నోరు ఎండి నాలుక అంగిటికి అతుక్కోవడం. మందులు పెంచినా దిగని బీపీ. చదివిన పేరా మళ్లీ చదవడం. ఇక మధ్యాహ్నం భోజనం తర్వాతి పీరియడ్‌లో పిల్లల మీద చిరాకు. ఈ చిరాకుని మీ స్వభావం అని మీ స్కూల్లో ఈపాటికి తేల్చేసి ఉంటారు. మీరూ ఒప్పేసుకుని ఉంటారు.

ఒక చిన్న పని చేయండి. మెల్‌బోర్న్‌లో మర్రే జాన్స్ అనే డాక్టరు 1991లో ఎప్‌వర్త్ స్కేల్ అని ఒకటి తయారు చేశాడు. ఎనిమిది సందర్భాలు: కూర్చుని చదువుతుంటే, టీవీ చూస్తుంటే, గంటసేపు బండిలో పక్క సీట్లో కూర్చుంటే, ఎవరితోనో మాట్లాడుతుంటే... ఇలా. కునుకు పట్టే అవకాశాన్ని బట్టి ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా వేసుకోవాలి. 10 దాటితే పగటి మత్తు ఎక్కువున్నట్టు. మీరొక కాగితం మీద, మీ ఆవిడ మీ గురించి ఇంకో కాగితం మీద, చాటుగా వేయండి. రెండూ పక్కపక్కన పెట్టుకోండి. నాకు నేను 7 వేసుకుంటే మావారు నాకు 16 వేశారు. ఆ రోజు మా ఇంట్లో చిన్న గొడవ కూడా అయింది.

బండి గురించి ఇంకొంచెం గట్టిగా చెప్పనివ్వండి. హైవే మీద తల ఊగేదాకా ఆగకండి. ఇప్పుడే దాటిన ఊరు గుర్తు రాకపోతే అదే గుర్తు. మొహానికి గాలి కొడితే మత్తు పోతుందన్నది వట్టి మాట. పక్కకి ఆపి, నీడ చూసుకుని ఇరవై నిమిషాలు కునుకు తీయండి. రాత్రి మాస్కు సరిగ్గా పెట్టుకోని మర్నాడు బస్సెక్కండి.

ఇక మీ అసలు బాధ, ఊపిరి వినబడటం. పగలు పెట్టాల్సిన కాపలా మీరు రాత్రి పెడుతున్నారు.

గొంతులో ఏం జరుగుతుందో తెలిస్తే ఈ భయం సగం పోతుంది. పొలంలో మోటారుకి తగిలించే మెత్తటి ప్లాస్టిక్ పైపు చూసే ఉంటారు, చుట్టి భుజాన వేసుకుంటారే, అది. నీళ్లు తోస్తున్నంతసేపూ గుండ్రంగా నిండి ఉంటుంది. మోటారు ఆపగానే నేలకి అణిగిపోతుంది. ఒక కొస నోట్లో పెట్టుకుని పీలిస్తే గోడలు రెండూ అతుక్కుంటాయి. నాలుక మొదలు, అంగిటి వెనక మెత్తటి భాగం ఉన్న చోట మన గొంతూ అంతే, చుట్టూ ఎముక ఆసరా లేదు. మెలకువగా ఉన్నంతసేపూ కండరాలే దాన్ని లాగి పట్టి తెరిచి ఉంచుతాయి. నిద్రలో అవి సడలుతాయి. వెల్లకిలా పడుకుంటే నాలుక ఇంకా వెనక్కి జారుతుంది. దవడ చిన్నదైతే చోటు ముందే తక్కువ, అందుకే సన్నగా ఉన్నవాళ్లకీ ఇది వస్తుంది. మెషీన్ చేసేదల్లా ఆ పైపులోకి గాలి తోస్తూ గోడల్ని విడిగా ఉంచడమే.

ఇప్పుడు మీరు ఊపిరి వింటున్న ఆ అరగంట సంగతి చూడండి. వింటున్నారంటే మెలకువగా ఉన్నారు. మెలకువగా ఉంటే కండరాలే గొంతుని తెరిచి ఉంచుతాయి. నిద్ర పట్టిందా, ఆ పని మెషీన్‌ది. ఇందులో మీ డ్యూటీ ఎక్కడుందో చెప్పండి?

శ్వాస మీద ధ్యాస పెట్టమని ధ్యానం క్లాసుల్లో చెబుతారు. కూర్చుని చేసుకోండి, మంచిదే. పడక మీద, మాస్కు కింద మాత్రం వద్దు. పట్టించుకోనంతసేపూ ఊపిరి దాని దారిన అది నడుస్తుంది. పట్టించుకోగానే వచ్చి మీ చేతిలో పడుతుంది, ఇక లోపలికి ఎంత పీల్చాలో, ఎప్పుడు వదలాలో అన్నీ మీరే చూసుకోవాలి. గమనించకుండా ఉండలేనంటారా, గమనికని మడమల దగ్గరికి పంపండి. పరుపు మీద మడమల బరువు ఎంతుంది, రెండూ సమానంగా ఉన్నాయా. అక్కణ్నుంచి పిక్కలు, మోకాలి వెనక ఖాళీ, నడుం కింద దుప్పటి ముడత, భుజం, దిండుకి ఆనిన చెంప. ముక్కు దాకా రాకుండా మళ్లీ మడమలకి వెళ్లిపోండి. నేను మోకాళ్లు దాటి చాలా కాలమైంది, ఈలోపే నిద్ర వచ్చేస్తోంది.

మాస్కుకి మొహం అలవాటు కావాలంటే సాయంత్రం కుర్చీలో కూర్చుని, మెషీన్ వేసుకుని, వార్తలు చూస్తూ అరగంట పెట్టుకోండి. రాత్రి పదింటికి మొదటిసారి దాంతో కుస్తీ పడితే ఎవరికైనా ఊపిరాడనట్టే ఉంటుంది. ప్రెషర్ తక్కువతో మొదలై మెల్లగా పెరిగే ఏర్పాటు చాలా మెషీన్లలో ఉంటుంది, దాన్ని పెట్టించుకోండి. మీకు వినబడే బుస్సుమనే చప్పుడు చాలావరకు లీకు కావచ్చు. పట్టీలు బిగించేస్తే లీకు పోతుందనుకుని బిగిస్తాం, మాస్కు అంచున ఉండే సిలికాన్ మెత్త అణిగిపోయి ఇంకా ఎక్కువవుతుంది. మెషీన్ నడుస్తుండగా, పడుకుని, అప్పుడు సర్దుకోవాలి. రాత్రి తలకి కొబ్బరినూనె రాసుకునే అలవాటుంటే పొద్దుటికి మార్చండి, నూనె మొహం మీద సిలికాన్ నిలవదు. మెత్తని రోజూ సబ్బునీళ్లతో కడగండి. గాలికి తేమ పట్టించడానికి మెషీన్‌కి ఉండే తొట్టిలో పోసేది డిస్టిల్డ్ వాటర్ అయితే మంచిది, మన బోరు నీళ్లు పోస్తే నెల తిరక్కుండా అడుగున తెల్లటి పొర కడుతుంది.

యాప్‌ని ఆదివారం చూడండి. వారానికి ఒక్కసారి. సగటు 5 లోపు ఉంటే మెషీన్ తన పని చేస్తున్నట్టే. ఒక రోజు 2, ఒక రోజు 6 రావడంలో ఏమీ లేదు, జలుబు చేసినా, పడుకున్న తీరు మారినా అంత తేడా వస్తుంది. వారాల తరబడి 5 పైనే ఉంటే డాక్టరుకి చూపించండి. నిద్ర అంకెల మీద బెంగతో నిద్ర పోగొట్టుకోవడానికి 2017లో ఆర్థోసోమ్నియా అని పేరు కూడా పెట్టారు, ఆ పేరుగలవాళ్లలో చేరకండి. పొద్దున్న లేచాక ఫోను ముట్టుకునే ముందు నోరు ఎండిందా, తల బరువుగా ఉందా, రాత్రి ఎన్నిసార్లు లేచాను అని మూడు ప్రశ్నలు వేసుకోండి. నాలుగోది మీ ఆవిడని అడగండి, నువ్వు పడుకున్నావా అని.

అమ్మగారి ఏడుపు ఊరికే వచ్చింది కాదు. 2021 వేసవిలో ఆక్సిజన్ అన్న మాట ఏ ఇంట్లో ఎలా వినబడిందో మనకి తెలుసు. ఆవిడకి నోటితో చెబితే నమ్మరు. మీరు సైన్స్ మాస్టారు, చేసి చూపించండి. ఒక పొడుగాటి గ్లాసు, ఒక స్ట్రా. స్ట్రా కొస నీళ్లలో 10 సెంటీమీటర్ల లోతున ఉండేలా పట్టుకుని ఆవిడ చేత ఊదించండి. బుడగ రావడానికి ఆవిడ ఎంత బలం పెట్టారో అదే 10 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి. ఈ మెషీన్లు 4 నుంచి 20 మధ్యలో నడుస్తాయి. సిలిండర్ లేదు, మీ గదిలో గాలే. 1981లో సిడ్నీలో కోలిన్ సలివన్ అనే డాక్టరు దీన్ని లోకానికి చూపించినప్పుడు వాడింది వాక్యూమ్ క్లీనర్ మోటారు అని కూడా చెప్పండి. ఇల్లు ఊడ్చే సామాను అంటే ఆవిడ భయం కొంత తగ్గుతుంది.

శంఖం గురించి చెప్పినాయన గాలివాటుగా అనలేదు. జైపూర్‌లో 30 మందితో చేసిన చిన్న అధ్యయనం ఒకటి 2025లో అచ్చయింది. కొందరి చేత రోజుకి 15 నిమిషాలు, వారానికి ఐదు రోజులు, ఆరు నెలలు శంఖం ఊదించారు, మిగిలినవాళ్ల చేత దీర్ఘశ్వాసలు తీయించారు. శంఖం ఊదినవాళ్లకి పగటి మత్తు మూడోవంతు తగ్గింది, గంటకి నాలుగైదు ఆగడాలు తగ్గాయి. అంతకుముందు 2006లో స్విట్జర్లాండ్‌లో డిడ్జరీడూ అనే ఆస్ట్రేలియా ఆదివాసుల ఊదుడు వాద్యంతోనూ కొంత గుణం కనిపించింది. గొంతు కండరాలకి అది కసరత్తు. (ఇవి చదివినప్పటినుంచి పెళ్లిళ్లలో సన్నాయి ఊదేవాళ్ల గొంతుల్ని ఎవరైనా పరీక్షిస్తే బాగుండునని నా ఆశ.) కానీ జైపూర్ వాళ్లందరిదీ మధ్యస్థాయి జబ్బు. మీ 34లో ఐదు తీసేస్తే ఇంకా 29 మిగులుతుంది. ఊదుకోండి, మాస్కు మాత్రం తీయకండి. బీపీ ఉంటే ఊదే ముందు డాక్టర్ని ఒకమాట అడగండి. బరువు ఎక్కువుంటే అందులో పదోవంతు తగ్గితే ఏహెచ్ఐ సుమారు పావువంతు తగ్గుతుందని ఇంకో అధ్యయనంలో తేలింది. కల్లు గాని, సీసాలో మందు గాని రాత్రిపూట ముట్టుకోవద్దు. ఎప్పుడైనా ఆపరేషన్ పడితే మత్తు ఇచ్చే డాక్టరుకి ఈ జబ్బు సంగతి మీరే ముందుగా చెప్పండి, వాళ్లు అడిగేదాకా ఆగొద్దు.

కరెంటు గురించి మీరు అడగలేదు గాని, 2018 అక్టోబరు తిత్లీ తుపానప్పుడు మీ వైపు ఎన్ని రాత్రులు చీకట్లో గడిపారో నాకంటే మీకే బాగా తెలుసు. ఇన్వర్టర్ ఉంటే తేమ పెట్టే హీటర్ ఆపేయండి, కరెంటు బాగా తక్కువ తాగుతుంది. అదీ లేని రాత్రి తలవైపు ఎత్తు పెట్టుకుని పక్కకి తిరిగి పడుకోండి. పాత బనీను వీపు మీద జేబు కుట్టించి టెన్నిస్ బంతి వేసుకుంటే వెల్లకిలా తిరగనివ్వదు. మెషీన్‌కి ఇది బదులు కాదు, ఆ ఒక్క రాత్రికి ఆసరా.

ఇచ్ఛాపురం తప్పకుండా తీసుకెళ్లండి. పండగ పిండివంటల మీద, రాత్రి పొద్దుపోయేదాకా కబుర్ల మీద పడుకునే నిద్ర అది, మాస్కు మానేయాల్సిన రాత్రులే కావు. నవ్వుతారనా? మీ గురక ఆ ఇంట్లో ఇన్నేళ్లుగా అందరూ విన్నదే, కొత్తగా పోయే పరువేం లేదు. మీ బావమరుదుల్లో ఒకడైనా రెండోరోజు పొద్దున్న మిమ్మల్ని పక్కకి పిలిచి "బావా, నాక్కూడా ఇలాగే అవుతుందంటారు మీ చెల్లి" అంటాడు, ఆ ఎప్‌వర్త్ కాగితం ఒకటి జేబులో ఉంచుకోండి. హాల్లో వరసగా పక్కలేసుకునే ఇల్లయితే గోడ పక్క చోటు ముందే ఆక్రమించండి, ప్లగ్గు అక్కడే ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీ సంచిలోనే పెట్టుకోండి. బయల్దేరే ముందు తొట్టిలో నీళ్లు పారబోయండి, లేకపోతే బస్సు ఇచ్ఛాపురం చేరేలోపు అవి మోటారులోకి వెళ్లి కూర్చుంటాయి.